పాట వినబడాలా, పెట్టెలు వినబడాలా?



నెల్లూరు తీరంలోని ఒక సంఘం నుంచి గత నెలలో మాకు రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండూ ఒకే విషయం గురించి. మొదటిది యౌవనస్థులది. క్రిస్మస్ సెలవుల్లో ఒక రాత్రి లైవ్ బ్యాండ్ కార్యక్రమం పెట్టుకుంటామంటే పెద్దలు ఒప్పుకోలేదని వారి బాధ. రెండవది ఒక సంఘపెద్దది. పిల్లలు ఫోన్లలో అమెరికా, కెనడా ఇండీ రాక్ బ్యాండ్ల కచేరీలు చూసి మందిరాన్ని కచేరీ హాలు చేయబోతున్నారని, మీరైనా నాలుగు మాటలు రాయాలని ఆయన కోరారు. ఇద్దరు యౌవనస్థులు అలిగి మూడు ఆదివారాలుగా ఆరాధనకు రావడం లేదని రెండు ఉత్తరాల్లోనూ ఉంది. ఈ సంపాదకీయం ఆ ఇద్దరి కోసమే రాస్తున్నాం.

తెలియని దాన్ని తిట్టడం సులువు, మెచ్చుకోవడమూ సులువే. కాబట్టి ముందు ఆ సంగీతం ఏమిటో, ఆ రాత్రి కార్యక్రమం ఎలా జరుగుతుందో తెలుసుకుందాం.

ఇండీ అంటే ఇండిపెండెంట్, అంటే స్వతంత్రం. పెద్ద రికార్డు కంపెనీల పెట్టుబడి మీద ఆధారపడకుండా సొంతంగా గాని, చిన్న సంస్థల ద్వారా గాని పాటలు విడుదల చేసుకునే బృందాలకు మొదట ఈ పేరు వచ్చింది. సాధారణంగా నలుగురైదుగురు ఉంటారు. పాట రాసేదీ, స్వరపరిచేదీ, వాయించేదీ వారే. వ్యానులో సామాను వేసుకుని ఊరూరా తిరుగుతారు. మధ్యాహ్నం హాలుకు చేరి పెట్టెలు దించి, తీగలు కలుపుకొని, ఒక్కొక్క వాయిద్యాన్ని, ఒక్కొక్క మైకును విడివిడిగా సరిచూసుకుంటారు. దీన్నే సౌండ్ చెక్ అంటారు. సాయంత్రం ముందుగా పేరు లేని చిన్న బృందం ఒకటి అరగంట పాడుతుంది. తరువాత అసలు బృందం గంట, గంటన్నర పాడుతుంది. తలుపు దగ్గర బల్ల మీద తమ రికార్డులు, చొక్కాలు తామే అమ్ముకుంటారు. అన్నీ అయ్యాక సామాను తామే మోసుకుపోతారు.

ఇక్కడ పెద్దలు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ పాటలు ఎక్కడినుంచో తెచ్చిన ట్రాక్ మీద పెదవులు కదిలించేవి కావు. నెలల తరబడి కలిసి సాధన చేసి, తప్పు పోతే అందరి ఎదుట తప్పుపోయే సంగీతం. మన యౌవనస్థులను ఆకర్షించింది వెలుగులూ పొగా మాత్రమే కాదు. కలిసి కష్టపడటం, సొంత మాట సొంతంగా పాడుకోవడం కూడా వారిని ఆకర్షించాయి. అది చెడ్డ కోరిక కాదు.

యౌవనస్థులు గమనించవలసిన సంగతులూ ఉన్నాయి. ఈ బృందాలను భక్తికి మాదిరిగా మేము చూపడం లేదు. వారిలో చాలామంది క్రీస్తును ఒప్పుకొనేవారు కారు. అయినా సోమరిని చీమల దగ్గర నేర్చుకొమ్మన్న సొలొమోను మాటను బట్టి, నేర్చుకోదగినది ఎక్కడున్నా నేర్చుకోవచ్చు.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, డులూత్ పట్టణంలో 1993లో లో అనే బృందం మొదలైంది. దానికి మూలమైన భార్యాభర్తలు ఎలన్ స్పార్‌హాక్, మిమి పార్కర్ మార్మన్ మతస్థులు. మన సిద్ధాంతానికి, వారి సిద్ధాంతానికి చాలా దూరం. అయితే వారి కచేరీ పద్ధతి ఆలోచింపజేసేది. మిమి పార్కర్ 2022లో మరణించే వరకు ఆ బృందంలో డ్రమ్స్ ఆమెవే. తొలి రోజుల్లో రెండు డ్రమ్ములు, ఒక తాళం మాత్రమే పెట్టుకుని నిలబడి బ్రష్షులతో మెల్లగా వాయించేది. జనం మాటల్లో పడి గోల చేస్తే ఆ బృందం సౌండ్ పెంచేది కాదు, ఇంకా తగ్గించేది. వినాలంటే జనమే నిశ్శబ్దం కావాలి.

వాషింగ్టన్‌లో 1980ల చివర మొదలైన ఫుగాజీ బృందం పాటలు చెవులు గళ్లుమనేంత గట్టివి. కానీ వారి కచేరీకి టికెట్ సాధారణంగా 5 డాలర్లే. పేద పిల్లవాడు కూడా రావాలని, ఏ వయసు వారైనా రావాలని వారి నియమం. ముందు వరుసలో ఎవరైనా పక్కవారిని తోసి గాయపరుస్తుంటే పాట ఆపేసేవారు. వినకపోతే అతని 5 డాలర్లు అతని చేతిలో పెట్టి బయటకు పంపేవారు. తమ పాట కన్నా నలిగిపోతున్న మనిషి ముఖ్యమని వారికి తెలుసు. మన కూడికల్లో ముందు వరుసలోని ముసలమ్మ చెవులు మూసుకుంటే పాట ఆపిన సందర్భం ఎన్నడైనా ఉందా?

మూడవ ఉదాహరణ మనస్సును నొప్పించేది. పెడ్రో ద లయన్ అనే పేరుతో పాడే డేవిడ్ బజాన్ చర్చిలో సంగీత పరిచర్య చేసిన తండ్రికి పుట్టినవాడు. క్రైస్తవ శ్రోతలకు ప్రియమైన గాయకుడు. తరువాత విశ్వాసం కోల్పోయాడు. 2009లో వెలువరించిన ఆల్బంలో ఆ సంగతిని దాచకుండా పాడాడు. ఆయన ఇళ్లలో, కొద్దిమంది ఎదుట గిటారు పట్టుకుని పాడేవాడు. పాటల మధ్య ఆగి, మీకేమైనా ప్రశ్నలున్నాయా అని అడగడం ఆయనకు అలవాటు. విశ్వాసం పోయిన గాయకుడు ఇస్తున్న ఆ అవకాశాన్ని, విశ్వాసం ఉన్న మనం మన పిల్లలకు ఇస్తున్నామా? మన కూడికల్లో ప్రసంగం ఉంది, ప్రార్థన ఉంది, కానుక ఉంది. ప్రశ్న అడిగే చోటు మాత్రం లేదు.

ఇప్పుడు సౌండ్ సంగతికి వద్దాం. సగం తగాదా ఇక్కడే ఉంది.

శబ్దాన్ని డెసిబెల్‌లలో కొలుస్తారు. 3 డెసిబెల్‌లు పెరిగితే శబ్దశక్తి రెట్టింపు అవుతుంది. 85 డెసిబెల్‌ల శబ్దాన్ని చెవి రోజుకు 8 గంటలు తట్టుకోగలదనుకుంటే, 100 డెసిబెల్‌లకు ఆ గడువు 15 నిమిషాలకు పడిపోతుంది. కచేరీ హాళ్లలో సగటు శబ్దం 100 డెసిబెల్‌లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లే హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకు వాడకూడదు. పండుగలకు ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే అర్ధరాత్రి వరకు వాడవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. చట్టానికి లోబడి ఉండమని రోమా సంఘానికి పౌలు రాసింది మన మైకుకు కూడా వర్తిస్తుంది.

సౌండ్ పెంచితే మాట బాగా వినబడుతుందనుకోవడం పొరపాటు. మన మందిరాలు ఎక్కువగా సిమెంటు గోడలు, రేకుల కప్పు, నున్నటి నేల. శబ్దం వాటిని తాకి తిరిగి వస్తుంది. ముందు పలికిన మాట ప్రతిధ్వని ఆరకముందే తరువాతి మాట వచ్చి దాని మీద పడుతుంది. పెంచినకొద్దీ ఆ గందరగోళమూ పెరుగుతుంది. పైగా బేస్ పెట్టెల దడదడ గోడలు దాటి పక్కింటి మంచం దాకా పోతుంది, మాట మాత్రం పోదు. అంటే పక్కింటివారికి సువార్త చేరదు, తలనొప్పి చేరుతుంది. గొంతు వినబడకపోతే గొంతు పెంచవద్దు, వాయిద్యాలు తగ్గించండి. ఖాళీ మందిరంలో సరిచూసుకున్న సౌండ్ జనం నిండాక మారుతుందని కూడా గుర్తుంచుకోండి. మనుషుల శరీరాలు, బట్టలు శబ్దాన్ని కొంత పీల్చుకుంటాయి. స్వరం తేడా తెలియకపోతే ఏమి ఊదుతున్నారో ఎవరికి తెలుస్తుందని మొదటి కొరింథీ 14వ అధ్యాయంలో పౌలు అడిగిన ప్రశ్న ప్రతి సౌండ్ ఆపరేటరు చదవదగినది.

గిటారు పరాయిదనే వాదనలో మాత్రం పస లేదు. మన పెద్దలు ప్రాణంగా చూసుకునే హార్మోనియం ఐరోపాలో పుట్టింది. 1842లో పారిస్‌లో దానికి పేటెంటు తీసుకున్నారు. చేతితో తిత్తి ఆడించే పెట్టెగా దాన్ని మార్చింది కలకత్తా వారు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారు క్రీస్తు కీర్తనలను మన దేశపు రాగాల్లో కూర్చారు. వాయిద్యం ఎక్కడిదన్నది కాదు, అది ఎవరికి సేవ చేస్తోందన్నదే ప్రశ్న.

నెల్లూరు వారు మరువకూడని కథ ఒకటి ఇక్కడ చెప్పాలి. 2007 ఫిబ్రవరిలో కెనడాలోని మాంట్రియల్‌కు చెందిన ఆర్కేడ్ ఫైర్ అనే ఇండీ బృందం న్యూయార్కులో వరుసగా 5 రాత్రులు కచేరీ చేసింది. ఆ కచేరీలు జరిగిన చోటు జడ్సన్ మెమోరియల్ చర్చి. బర్మా మిషనరీ అదోనిరామ్ జడ్సన్ జ్ఞాపకార్థం ఆయన కుమారుడు ఎడ్వర్డ్ జడ్సన్ కట్టించిన బాప్తిస్టు మందిరం అది. జడ్సన్‌కు మనకు ఏమిటి సంబంధం? ఆయన 1813లో మద్రాసులో ఓడ ఎక్కి రంగూన్ వెళ్లారు. ఆయన పరిచర్యకు అండగా 1814లో అమెరికా బాప్తిస్టులు మిషన్ సంఘంగా ఏర్పడ్డారు. ఆ సంఘమే శామ్యూల్ డే దొరగారిని తెలుగువారి దగ్గరకు పంపింది. ఆయన 1840లో నెల్లూరు చేరారు.

ఏళ్లు గడిచినా నెల్లూరులో ఫలం కనబడలేదు. 1853లో ఆల్బనీ పట్టణంలో జరిగిన సభలో ఈ మిషన్ మూసేయాలన్న ఆలోచన వచ్చింది. పటంలో నెల్లూరు ఒంటరి నక్షత్రంలా ఉందన్న మాట ఆ చర్చలో వినబడింది. ఆ మాట పట్టుకుని శామ్యూల్ స్మిత్ అనే కవి, పాస్టరు ఒక పద్యం రాశారు. అమెరికన్లు దేశభక్తి గీతంగా పాడుకునే పాట ఒకటి రాసిన స్మిత్ ఈయనే. ఆ పద్యాన్ని సభలో చదివి వినిపించారు. మనసులు కరిగాయి, మిషన్ నిలిచింది. తరువాతి ఏడాది మొదటి రోజున జ్యూయెట్ దంపతులు, నెల్లూరు జూలియమ్మ మొదలైన ఐదుగురు ఒంగోలు కొండ మీద ప్రార్థించారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆల్బనీలో ఆనాడు మైకు లేదు, డ్రమ్స్ లేవు. ఉన్నవల్లా దేవునికి లోబడిన మనసు, వినగలిగిన చెవులు, అందరికీ అర్థమైన మాటలు. ఉత్తర అమెరికా నుంచి మన తీరానికి వచ్చిన మొదటి పాట అదేనని మేము సరదాగా అంటుంటాం. ఆ పాట వల్లే మన మందిరాలు నిలిచాయి.

అయితే లైవ్ బ్యాండ్ రాత్రి పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చని మా అభిప్రాయం. కాకపోతే దానిని ఆరాధన అని పిలవవద్దు, పాటల రాత్రి అనండి. కచేరీలో పాడేది వేదిక మీదివారు. ఆరాధనలో పాడేది సంఘం. ఈ రెంటినీ కలిపినప్పుడే చిక్కు. ఆదివారం బ్యాండు వాయించినా సంఘం గొంతు బ్యాండు గొంతు కన్నా పైన వినబడాలి. దీనికి సులువైన పరీక్ష ఉంది. మన తీరంలో కరెంటు పోవడం కొత్త కాదు. కరెంటు పోయినప్పుడు పాట ఆగిపోతే ఇంతసేపూ పాడింది పెట్టెలన్నమాట. ఒక పల్లెలో మేమున్నప్పుడే అలా జరిగింది. కీబోర్డు అబ్బాయి చేతులు ముడుచుకుని నిలబడ్డాడు. చీకట్లో వెనుకనుంచి ఒక పెద్దమ్మ కీర్తన ఎత్తుకుంది. రెండవ చరణానికి అందరూ అందుకున్నారు. పౌలు, సీల అర్ధరాత్రి చెరసాలలో పాడినప్పుడు ఖైదీలు విన్నది అలాంటి పాటే.

యౌవనస్థులకు ఒక మాట. ఇండీ బృందాల నుంచి జుట్టు, చొక్కా కాదు, సొంత పాట రాసుకునే ధైర్యం నేర్చుకోండి. రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉన్నవాడి ప్రార్థన ఎలా ఉంటుంది? వేటకు వెళ్లిన తండ్రి పడవ కనబడని సాయంత్రం తల్లి ఏమని మొరపెడుతుంది? 2004 సునామీ చూసిన తీరం దేవుణ్ణి ఏమని స్తుతిస్తుంది? ఈ పాటలు అమెరికావారు రాయలేరు, హైదరాబాదు స్టూడియోలూ రాయలేవు. మీరే రాయాలి. వాక్యానికి సరిపోయాయో లేదో మీ కాపరికి చూపించండి. రాత్రి 9.30కి ముగించండి. టికెట్ పెట్టవద్దు. పక్కింటివారిని ముందుగా అడగండి. వాయిద్యాలు మీరే మోసి, మందిరం మీరే ఊడ్వండి. మధ్యలో అరగంట ప్రశ్నలకు విడిచిపెట్టండి.

పెద్దలకు ఒక మాట. ఆ రాత్రి మీరూ వచ్చి ముందు వరుసలో కూర్చోండి. ఒక కీర్తన మీరే ఎత్తుకుని, ఆ పిల్లల చేత వాయింపించండి. ముందుగా చేయవలసిన పని మాత్రం ఇంకొకటి ఉంది. రాబోయే ఆదివారం లోపు ఆ ఇద్దరి ఇళ్లకు వెళ్లండి. గిటారు గురించి మాట్లాడవద్దు, వారి క్షేమం అడిగి కలిసి ప్రార్థించండి. 1853లో ఒక్క నక్షత్రాన్ని ఆర్పలేకపోయిన దేవుని ప్రజల సంతానం మనం. ఇద్దరు పిల్లలను ఎలా వదులుకుంటాం?

సమాధానకర్తయగు దేవుడు మీ సంఘానికి తోడైయుండును గాక. ఆమేన్.