పాత మోపెడ్‌కు కరెంటు మోటారు: ముందు లెక్క, తర్వాతే సామాన్లు

హోసూరు చుట్టుపక్కల మన తెలుగువాళ్ల ఇళ్లలో మోపెడ్ లేని ఇల్లు తక్కువ. పాల క్యాన్లు, గులాబీ బుట్టలు, కూరగాయల మూటలు అన్నీ దానిమీదే వెళ్తాయి. 1980లో టీవీఎస్ 50 బయటికి వచ్చింది కూడా మన ఊరి ఫ్యాక్టరీ నుంచే. ఇప్పుడు ఈ ప్రాంతంలోనే విద్యుత్ స్కూటర్లూ తయారవుతున్నాయి. దాంతో పాత బండికి మోటారు, బ్యాటరీ పెట్టిస్తే పెట్రోలు ఖర్చు తప్పుతుంది కదా అని మా సంఘం సభ్యులు తరచూ అడుగుతున్నారు. ఖర్చు తప్పే మాట నిజమే. అయితే ఎక్కడ చవకగా దొరికితే అక్కడ ఒక్కో భాగం కొని బిగిస్తే డబ్బు వృథా అవుతుంది, ఇంటికి ప్రమాదం కూడా. అందుకే ఏ భాగాన్ని ఎలా చూసి ఎంచుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాం.

ముందు ఆర్సీ తీయండి

ఆర్సీలో బండి ఇంజను వివరాలు, ఇంధనం రాసి ఉంటాయి. అవి మారాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్టీఓ అనుమతి కావాలి. పెట్రోలు బండిని పూర్తిగా విద్యుత్ బండిగా మార్చే కిట్‌కు ఏఐఎస్-123 మూడో భాగం అనే ప్రమాణం ఉంది. పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థలు కిట్‌ను పరీక్షించి ధ్రువపత్రం ఇస్తాయి. ఆ పత్రంలో మీ బండి మోడల్ పేరు ఉండాలి. వేరే బండి కోసం ఆమోదం పొందిన కిట్ మీ బండికి చెల్లదు.

250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు బండ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని కొందరు మెకానిక్కులు చెబుతారు. ఆ మినహాయింపు అలా తయారై, అలా ఆమోదం పొందిన బండ్లకే. ఇప్పటికే రిజిస్టరైన మీ మోపెడ్‌కు అది వర్తించదు. అనుమతి లేకుండా మార్చిన బండి రోడ్డుమీద ప్రమాదానికి గురైతే బీమా కంపెనీ చేతులెత్తేసే అవకాశం ఉంది. అప్పుడు పరిహారం భారం కుటుంబం మీదే పడుతుంది. రిజిస్ట్రేషనై 15 ఏళ్లు దాటితే ఆర్సీ పునరుద్ధరణ అయిందో లేదో కూడా ముందే చూసుకోండి.

రోజుకు ఎంత దూరం, ఎంత బరువు

సామాన్ల ఎంపిక ఇక్కడే మొదలవుతుంది. మనిషి, బండి, సరుకు కలిపి 180 కిలోలు అనుకుందాం. మామూలు రోడ్డుమీద 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే కిలోమీటరుకు సుమారు 25 వాట్-అవర్ల కరెంటు ఖర్చవుతుంది. మిట్టలు, ఆగి ఆగి నడపడం లెక్కేసుకుని 30 పెట్టుకోవడం మంచిది. బాగలూరు వైపు పల్లె నుంచి మార్కెట్‌కు పోను 15, రాను 15 కిలోమీటర్లు అనుకుంటే రోజుకు 900 వాట్-అవర్లు కావాలి.

బ్యాటరీ

బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు. ఐదో వంతు మిగల్చాలి. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. 48 వోల్టులు, 24 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 1152 ఉంటాయి. అందులో ఐదింట నాలుగు వంతులంటే దాదాపు 920. మన లెక్కకు సరిపోయింది.

ఇదే సామర్థ్యానికి లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు పెడితే పాతిక కిలోలు దాటుతాయి. పైగా వాటిని సగం కంటే ఎక్కువ వాడుతూ పోతే త్వరగా చచ్చిపోతాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 12 కిలోల దగ్గర తేలుతుంది. ధర ఎక్కువైనా చాలా ఏళ్లు మన్నుతుంది. వేడిని తట్టుకోవడంలో ఎన్ఎంసీ రకం లిథియం కంటే ఇది మేలు. మన ఇళ్లలో బండిని వసారాలోనో, నడవలోనో పెట్టి రాత్రంతా ఛార్జింగ్ పెడతాం కాబట్టి మా సలహా ఐరన్ ఫాస్ఫేటే.

2022లో వేలూరు, విజయవాడ వంటి చోట్ల ఇళ్లలో ఛార్జింగ్ సమయంలో జరిగిన ప్రమాదాల్లో మనుషులు చనిపోయారు. ఆ ఏడాది పలుచోట్ల స్కూటర్లు కాలిన తర్వాతే బ్యాటరీల భద్రతకు ఏఐఎస్-156 నిబంధనలను కేంద్రం కఠినం చేసింది. అవి 2022 డిసెంబరు, 2023 మార్చిలో రెండు విడతలుగా అమల్లోకి వచ్చాయి. ఆ ధ్రువీకరణ లేని బ్యాటరీని, పాత సెల్లులు ఏరి కట్టిన బ్యాటరీని ఎంత చవకగా ఇచ్చినా ఇంట్లోకి రానివ్వకండి.

మోటారు

180 కిలోల బరువుతో, నూరు అడుగులకు ఐదు అడుగులు లేచే మిట్టను 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రం దగ్గర 700 వాట్ల శక్తి కావాలి. అందుకు 1000 వాట్ల మోటారు చాలు. ఆ అంకె నిరంతరం ఇచ్చే శక్తిదా, కొన్ని క్షణాలపాటు ఇచ్చే గరిష్ఠ శక్తిదా అని అడగండి. అమ్మేవాళ్లు రెండోదే పెద్ద అక్షరాల్లో వేస్తారు.

చక్రంలోనే ఉండే హబ్ మోటారుకు చైను బాధ లేదు, మరమ్మతు తక్కువ. కానీ బరువుతో పొడవాటి మిట్టలు ఎక్కితే వేడెక్కుతుంది. రోజూ మూటలు మోసే బండికి చైనుతో తిప్పే మోటారు మేలు. హబ్ మోటారే తీసుకుంటే అది మోపెడ్ పెద్ద చక్రానికి సరిపోయే రకమా, స్కూటర్ చిన్న చక్రానికి చేసినదా అన్నది చూడాలి. ఇరుసు తిరిగిపోకుండా పట్టుకునే ఇనుప పట్టీ తప్పనిసరి.

కంట్రోలరు, బీఎంఎస్, వైర్లు

ఇవి ఒకదానికొకటి కుదరాలి. 1000 వాట్లను 48తో భాగిస్తే దాదాపు 21 ఆంపియర్లు. మిట్టమీద ఇంకా లాగుతుంది కాబట్టి 30 ఆంపియర్ల కంట్రోలరు కావాలి. బ్యాటరీని కాపాడే బీఎంఎస్ సామర్థ్యం దానికంటే ఎక్కువగా, 40 ఆంపియర్లు ఉండాలి. తక్కువైతే మిట్ట మధ్యలో బండి ఆగిపోతుంది. ప్రధాన వైరు 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉండాలి. బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు పెట్టాలి. ఇంటి కరెంటుకు వాడే ఎంసీబీని ఇక్కడ బిగించకూడదు. డీసీ కరెంటులో లేచే మెరుపును అది సరిగా ఆర్పలేదు. డీసీకి చేసినదే కావాలి.

ఛార్జరు

48 వోల్టులు అని రాసి ఉన్న ఛార్జర్లన్నీ ఒకటి కావు. 16 ఐరన్ ఫాస్ఫేట్ సెల్లుల బ్యాటరీ 58.4 వోల్టుల దగ్గర నిండుతుంది. 13 ఎన్ఎంసీ సెల్లులదైతే 54.6 దగ్గరే నిండుతుంది. మొదటిదాని ఛార్జరు రెండోదానికి తగిలిస్తే ప్రమాదాన్ని పిలిచినట్టే. బ్యాటరీ ఇచ్చినవాళ్ల దగ్గరే ఛార్జరూ తీసుకోండి. 5 ఆంపియర్ల ఛార్జరుతో ఐదారు గంటల్లో నిండుతుంది.

లైట్లు, బ్రేకులు

పాత మోపెడ్‌లలో లైట్లకు కరెంటు ఇంజనులోని మాగ్నెటో ఇస్తుంది. ఇంజను తీస్తే అదీ పోతుంది. కాబట్టి 48 వోల్టులను 12కు దించే కన్వర్టరు, ఎల్‌ఈడీ లైట్లు కొనాలి. బ్రేకు పట్టగానే మోటారు ఆగే లివర్లు ఉండాలి. బ్యాటరీని ఇంజను తీసిన చోటే, కింద బిగించాలి. వెనక క్యారియర్ మీద పెడితే బండి ఊగుతుంది.

గిట్టుబాటు

లీటరుకు 60 కిలోమీటర్లు ఇచ్చే మోపెడ్ 30 కిలోమీటర్లకు అర లీటరు తాగుతుంది. పెట్రోలు లీటరు 100 రూపాయలనుకుంటే రోజుకు 50. కరెంటు అయితే యూనిట్‌కు కాస్త పైన, 10 రూపాయల లోపు. రోజుకు 40 మిగులుతుంది. కిట్‌కు 40,000 అడిగితే 1000 రోజుల బండి తిరుగుడులో అసలు వస్తుంది. రోజూ ఐదు కిలోమీటర్లు తిరిగేవారికి ఈ పని గిట్టదు.

మీ మోడల్‌కు ఆమోదం పొందిన కిట్ లేకపోతే రోడ్డుమీద తిప్పే బండిని మార్చవద్దనే చెబుతాం. ఉంటే, డబ్బు కట్టేముందు నాలుగు కాగితాలు చేతికి తీసుకోండి: కిట్ ధ్రువపత్రం, బ్యాటరీ ఏఐఎస్-156 పత్రం, బిగించేవారికి కిట్ తయారీదారు ఇచ్చిన అధికార పత్రం, వారంటీ. ఆర్సీలో మార్పు ఎవరు చేయిస్తారో రాయించుకోండి. తెలుగు మాధ్యమంలో చదివి, తమిళ, ఇంగ్లిష్ పత్రాలతో ఇబ్బంది పడే పెద్దలు వాటిని మా సంఘానికి తీసుకొస్తే కలిసి చదివి చెబుతాం. అడ్వాన్సు ఇచ్చాక కాదు, ఇవ్వకముందే రండి.