పెంపుడు పిల్లికి మధుమేహం – ఇంటివారు పాటించవలసిన నియమాలు

మధుమేహం మానవులకు మాత్రమే పరిమితమైన వ్యాధి కాదు. పిల్లులకు, కుక్కలకు కూడా వస్తుంది. నా వద్దకు తమ వైద్యం కోసం వచ్చే గృహస్థులలో కొందరు, "మా పిల్లికి షుగర్ ఉందన్నారండీ, కాకరరసం పట్టవచ్చునా? మెంతిపొడి కలపవచ్చునా?" అని అడుగుతున్నారు. వీరిలో చాలామంది ఇళ్ళలో రెండు మూడు పిల్లులు, ఒక కుక్క కలిసి పెరుగుతున్నాయి. అటువంటి ఇంట ఈ వ్యాధిని ఎట్లా నిర్వహించుకోవలెనో వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

నిదానం కలుస్తుంది, ఔషధం కలవదు

మన ఆచార్యులు ప్రమేహాన్ని ఇరవై విధాలుగా విభజించి, మధుమేహాన్ని వాతజ ప్రమేహాలలో చేర్చారు. చరకాచార్యుడు చెప్పిన కారణాలలో కదలక కూర్చునే సుఖం, అతినిద్ర ముఖ్యమైనవి. ఎప్పుడూ నిండుగా ఉండే గిన్నెలో తిని, రోజంతా సోఫాపై నిద్రించే పిల్లికి ఈ మాట చక్కగా సరిపోతుంది. నడివయసు దాటి, లావెక్కిన, సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగిన మగపిల్లులలో ఈ వ్యాధి ఎక్కువని పశువైద్యులు కూడా చెబుతారు.

అయితే చికిత్స విషయం వేరు. ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదం, అశ్వాలకు శాలిహోత్రుని శాస్త్రం ఉన్నాయి. పిల్లి మధుమేహానికి చికిత్స మాత్రం నేను గురువుగారి వద్ద అధ్యయనం చేసిన గ్రంథాలలో లేదు. మనిషి మిశ్రాహారి, పిల్లి కేవల మాంసాహారి. పిండిపదార్థాలను అధికంగా భరించే శక్తి దాని కాలేయానికి తక్కువ. కనుక పాలన్నంలో మెంతిపొడి చల్లి పెట్టడం దానికి పథ్యం కాదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషతుల్యాలు. ఎర్ర రక్తకణాలను నశింపజేసి పాండురోగం కలిగిస్తాయి. పెద్దలు వేసుకునే షుగర్ మాత్రలు కూడా సొంతంగా వేయరాదు.

ఏ పిల్లికి వ్యాధి?

అతిగా నీరు త్రాగడం, అతిగా మూత్రం పోవడం, బాగా తింటున్నా చిక్కిపోవడం ప్రధాన లక్షణాలు. వ్యాధి ముదిరిన కొన్ని పిల్లులు వెనుక కాళ్ళ మడమలు నేలకు ఆనించి నడుస్తాయి. అన్నిటికీ ఒకే నీళ్ళ గిన్నె, ఒకే ఇసుక తొట్టి ఉన్న ఇంట ఈ మార్పులు ఏ పిల్లివో తెలియవు. అనుమానమున్న పిల్లిని ఒకటి రెండు రోజులు వేరే గదిలో ఉంచి గమనించవలెను. వారానికొకసారి పిల్లిని ఎత్తుకొని తూకం యంత్రంపై నిలబడి, మీ బరువు తీసివేసి, దాని బరువు వ్రాసుకోవలెను.

భయపడిన పిల్లికి రక్తంలో చక్కెర తాత్కాలికంగా పెరుగుతుంది. అందుచేత ఒక్క పరీక్షతో నిర్ధారణ చేయరు. గడచిన రెండు మూడు వారాల సగటును తెలిపే ఫ్రక్టోసమిన్ పరీక్ష ఇందుకు ఉపకరిస్తుంది.

ఇన్సులిన్ విషయంలో జాగ్రత్తలు

చాలా పిల్లులకు 12 గంటలకొకసారి ఇన్సులిన్ ఇవ్వవలసి వస్తుంది. మోతాదు నిర్ణయం పూర్తిగా పశువైద్యునిదే. 2022లో అమెరికాలో బెక్సాగ్లిఫ్లోజిన్ అనే మాత్రను పిల్లులకు అనుమతించారు కాని, అదివరకే ఇన్సులిన్ తీసుకొన్న పిల్లులకు అది తగదు.

మన మందుల దుకాణాలలో యు-40, యు-100 అనే రెండు రకాల ఇన్సులిన్ దొరుకుతుంది. దేని సిరంజి దానికే వాడవలెను. యు-100 మందును యు-40 సిరంజితో అవే గీతల వరకు తీస్తే రెండున్నర రెట్ల మోతాదు లోపలికి పోతుంది. మందును ఫ్రిజ్‌లో 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచవలెను. గడ్డకట్టిన మందు పనికిరాదు.

ఇంట్లో ఒకరు ఇచ్చిన సంగతి తెలియక మరొకరు మళ్ళీ ఇంజక్షన్ ఇవ్వడం పెద్ద ప్రమాదం. గోడ క్యాలెండర్‌పై ఇచ్చిన వెంటనే గుర్తు పెట్టండి. ఇచ్చామో లేదో, సగం బయటకు కారిందో అని సందేహం కలిగితే ఆ పూటకు మళ్ళీ ఇవ్వకండి. ఒక పూట తప్పితే సాధారణంగా ప్రాణహాని ఉండదు. రెండు మోతాదులు పడితే ఉంటుంది.

ఖాళీ గిన్నెను నమ్మరాదు

అనేక జంతువులున్న ఇంట అసలు చిక్కు ఇక్కడే ఉంది. గిన్నె ఖాళీ అయినంత మాత్రాన రోగి తిన్నదని కాదు; పక్క పిల్లి తిని ఉండవచ్చును. తినని పిల్లికి పూర్తి మోతాదు ఇన్సులిన్ పడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

కనుక రోజంతా గిన్నె నిండుగా ఉంచే అలవాటు మానవలెను. ఉదయం, సాయంత్రం నిర్ణీత వేళకు, వేర్వేరు గదులలో, తలుపులు వేసి భోజనం పెట్టండి. అరగంట తరువాత గిన్నెలన్నీ, కుక్క గిన్నెతో సహా, తీసివేయండి. రోగి తినడం కళ్ళారా చూచిన తరువాతనే ఇంజక్షన్ ఇవ్వండి. తినకపోతే వైద్యునికి ఫోన్ చేసి అడగండి.

మాంసకృత్తులు అధికంగా, పిండిపదార్థాలు తక్కువగా ఉన్న తడి ఆహారం ఈ పిల్లికి హితం. అయితే ఆహారం మారితే ఇన్సులిన్ అవసరం తగ్గవచ్చును గనుక వైద్యునికి చెప్పకుండా మార్చరాదు. మిగిలిన వాటిలో కూనలు, మూత్రపిండ వ్యాధి ఉన్న పిల్లులు ఉంటే వాటి ఆహారం వేరు.

అత్యవసర లక్షణాలు

తూలడం, నీరసం, వణుకు, మూర్ఛ కనిపిస్తే చక్కెర పడిపోయిందని భావించి, తేనె గాని చిక్కని చక్కెర నీరు గాని కొద్దికొద్దిగా చిగుళ్ళకు రాసి, వెంటనే పశువైద్యశాలకు తీసుకొనిపోవలెను. స్పృహ లేని పిల్లి నోట్లో ఏదీ పోయరాదు. ఆహారం మాని, వాంతులు చేసుకొంటూ ముడుచుకొని పడుకొన్నా ఆలస్యం చేయరాదు. అది రక్తంలో కీటోన్లు పెరిగిన స్థితి కావచ్చును.

వ్యాధిని తొలిదశలోనే గుర్తించి క్రమంగా చికిత్స చేస్తే, కొన్ని పిల్లులకు కొంతకాలానికి ఇన్సులిన్ అవసరం లేకుండా పోతుంది. అప్పటికీ బరువును, నీరు త్రాగే తీరును గమనిస్తూనే ఉండవలెను. కాకరరసం మీ కోసం ఉంచుకొని, పిల్లికి వేళకు భోజనం, వేళకు మందు అమర్చమని పాఠకులకు నా మనవి.