పదిహేను రోజుల గడువులో దాగిన కులం

హైదరాబాదులో అద్దె ఇంటి కోసం తిరిగే దళితుడికి తొలుత ఎదురయ్యే ప్రశ్న ఇంటిపేరు గురించే. తెలుగు సమాజంలో చాలాచోట్ల ఇంటిపేరే కులం చిరునామా. దానితో తేలకపోతే ఊరి పేరు, తిండి అలవాట్లు, చివరికి సూటిగా ‘మీరేమిటోళ్ళు?’ అన్న మాట వస్తాయి. పదకొండేళ్ళలో ఏడు ఇళ్ళు మారిన ప్రభుత్వ కళాశాల అధ్యాపకుడిగా ఈ ప్రశ్నల వరుస నాకు కంఠతా వచ్చు. అందుకే సొంత ఇల్లు కొనాలనుకున్నప్పుడు బ్యాంకుల ఆన్‌లైన్ వేలం నన్ను ఆకర్షించింది. అక్కడ యజమాని ఎదురుపడడు, దళారి ఆరా తీయడు. తోటి పాటదారులకు నేను తెర మీద ఒక సంఖ్యను మాత్రమే.

ఈ ఆకర్షణను తేలికగా కొట్టిపారేయలేం. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరిన డాక్టర్ అంబేడ్కర్, బస దొరక్క ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో ఉండవలసి వచ్చింది. సంగతి బయటపడగానే కర్రలతో వచ్చినవారు ఆయనను వెళ్ళగొట్టారు. దాదాపు నూరేళ్ళ తరువాత, 2015లో, సుఖదేవ్ థోరట్ బృందం దేశ రాజధాని ప్రాంతపు అద్దె ఇళ్ళపై చేసిన అధ్యయనం ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వెలువడింది. పేరును బట్టి దళితులను, ముస్లింలను తిరస్కరించే తీరు మారలేదని అది చూపింది. పేరు అడగని అంగడి ఏదైనా అణగారిన కులాలకు ఊరటే. అయితే, పేరు అడగనంత మాత్రాన ఆ అంగడికి కులం లేనట్టేనా?

అప్పు తీర్చలేనివారి తాకట్టు ఆస్తులను కోర్టుకు వెళ్ళకుండానే అమ్ముకునే అధికారాన్ని 2002 నాటి సర్ఫేసీ చట్టం బ్యాంకులకు ఇచ్చింది. వేలంలో పాల్గొనేవారు ముందుగా ధరావత్తు చెల్లించాలి. సాధారణంగా అది రిజర్వు ధరలో 10 శాతం ఉంటుంది. పాట దక్కినవారు అదే రోజు, లేదా మరుసటి పనిదినం లోగా, ధరావత్తుతో కలిపి మొత్తం ధరలో 25 శాతం కట్టాలి. అమ్మకం ఖరారైన 15 రోజుల్లో మిగిలిన 75 శాతం చెల్లించాలి. గడువు తప్పితే అప్పటిదాకా కట్టిన సొమ్ము జప్తు అవుతుంది, ఆస్తి మళ్ళీ వేలానికి వెళుతుంది. ఇలాంటి కేసులో 25 శాతం మొత్తాన్ని బ్యాంకు జప్తు చేసుకోవడం సరైనదేనని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది.

నేను పాట పాడింది నగర శివారులోని ఒక పాత రెండు గదుల ఫ్లాటుకు. రిజర్వు ధర 24 లక్షలు, ధరావత్తు 2 లక్షల 40 వేలు. నా జీతం మీద 30 లక్షల వరకు గృహరుణం ఇస్తామని ఒక బ్యాంకు చెప్పింది. కాని న్యాయ పరిశీలనకు, విలువ కట్టడానికి, మంజూరుకు కలిపి ఆరు వారాలు పడుతుందని కూడా చెప్పింది. పరస్పర లిఖితపూర్వక అంగీకారంతో గడువును మూడు నెలల దాకా పొడిగించే వీలు నిబంధనల్లోనే ఉంది. ఆ సంగతి అడిగితే, వేలం వేస్తున్న బ్యాంకు అధికారి ముందుగా హామీ ఇవ్వలేమన్నారు. పొడిగింపు పూర్తిగా వారి ఇష్టం.

ఇక మిగిలింది చేతిసొమ్ము. పదకొండేళ్ళ పొదుపు, ఉద్యోగుల సహకార సంఘం ఇచ్చే అప్పు, నా భార్య నగల తాకట్టు, ఇద్దరు మిత్రుల చేబదులు అన్నీ కూడితే, రిజిస్ట్రేషన్ ఖర్చు పోను 26 లక్షలు తేలాయి. పాట 25 వేల చొప్పున పెరిగింది. చివరి నిమిషాల్లో ఎవరు పాడినా గడువు మరో ఐదు నిమిషాలు పొడిగింది. 26 లక్షల దగ్గర నేను ఆగాను. 26 లక్షల 25 వేలకు మరొకరికి దక్కింది. నాకు అప్పు పుట్టకపోలేదు. అప్పు చేతికందేదాకా ఆగగల ఆస్తి లేకపోయింది, అంతే.

తెర అవతలి వ్యక్తి కులం నాకు తెలియదు, తెలుసుకోవలసిన పనీ లేదు. ఆ వ్యక్తి నాకు ఏ అన్యాయమూ చేయలేదు. అసలు విషయం అదే. ఎవరూ ఎవరినీ అవమానించకుండానే, ఒక్క నియమాన్నీ మీరకుండానే కులం తన పని తాను చేసుకుపోగలదు. పదిహేను రోజుల్లో పాతిక లక్షలు తేవడమంటే మూడు తరాల ఆస్తిని పక్షం రోజుల్లో నగదుగా మార్చగలగడం. ఊళ్ళో పొలం అమ్మగల తండ్రి, వడ్డీ లేకుండా సర్దగల మేనమామ, ఒక్క ఫోనుకు పది లక్షలు పంపే బావమరిది ఉన్నవారికి ఆ గడువు సరిపోతుంది. కులంలోనే పెళ్ళిళ్ళు చేసుకునే సమాజంలో బంధుబలం అంటే కులబలమే.

మా నాన్నకూ భూమి ఉంది. ప్రభుత్వం అసైన్ చేసిన ఎకరం చెలక అది. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం దానిని అమ్మడానికి వీల్లేదు. ఆ చట్టం ఉండబట్టే ఆ ఎకరం ఇంకా మా పేర ఉంది, లేకపోతే ఎప్పుడో దొర చేతికి వెళ్ళేది. కాబట్టి దానిని తీసేయమని నేను కోరను. కాని ఈ వ్యత్యాసాన్ని గుర్తించాలి. ఒకరి భూమి నగరంలో ఇల్లవుతుంది, ఇంకొకరి భూమి ఊళ్ళో పాసుపుస్తకంగానే మిగులుతుంది. రిజర్వేషన్ మాకు జీతం ఇచ్చింది. తొలి తరం జీతం తమ్ముళ్ళ చదువులకు, తల్లిదండ్రుల మందులకు, ఊరి అప్పులకు పోతుంది. అది మూలధనంగా మారడానికి ఇంకో తరం పడుతుంది.

వేలంలో ఇంకొక పక్షం ఉంది. ఇల్లు పోగొట్టుకునే రుణగ్రస్తుడు. వేలం ప్రకటనను రెండు ప్రముఖ దినపత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో, ప్రచురించాలన్నది నియమం. అతడి పేరు, ఇంటిపేరు, చిరునామా ఊరంతా చదువుతుంది. కొనేవారి పేరు మాత్రం తెర వెనుకే ఉంటుంది. నేను పాడిన ఫ్లాటు సింబాలిక్ స్వాధీనంలోనే ఉంది, అంటే తలుపు మీద నోటీసు, లోపల కాపురం. గెలిచి ఉంటే ఆ కుటుంబాన్ని ఖాళీ చేయించే చిక్కు నా మీద పడేది. చట్టంలోని 14వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటు సాయం కోరవలసింది బ్యాంకే. అయినా ఎదురుచూపు కొన్నవారిదే. ఇంకెక్కడో అద్దె కడుతూ అలా వేచి ఉండగలిగేది మళ్ళీ నిలవ సొమ్ము ఉన్నవారే. తలదాచుకోవడానికి ఇల్లు వెతికేవారు ఆ పాటకే దూరమవుతారు. లాభానికి కొని అమ్మేవారు మిగులుతారు.

నియమం అందరికీ ఒక్కటే కదా అని నా విద్యార్థులే అడుగుతారు. ఒక్కటే. కాని దానిని దాటడానికి కావలసిన బలం పుట్టుకతో పంచబడి ఉన్నప్పుడు, సమాన నియమం అసమాన ఫలితాన్నే ఇస్తుంది. దీన్ని సరిచేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. తొలి ఇల్లు కొనేవారు రుణ అర్హత పత్రం చూపితే, ఇప్పటికే నిబంధనల్లో ఉన్న మూడు నెలల పొడిగింపును అధికారి దయగా కాక హక్కుగా ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ కార్పొరేషన్లు ఆ మధ్యకాలానికి పూచీ నిలబడాలి. నివాస గృహాలను భౌతిక స్వాధీనం తరువాతే వేలం వేయాలి.

వీటికి ముందు జరగవలసింది లెక్క తీయడం. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇంటింటి కులసర్వే చేపట్టింది. అదే పద్ధతిలో, వేలాల్లో ఏ కులాల ఇళ్ళు పోతున్నాయో, ఏ కులాల చేతికి చేరుతున్నాయో బ్యాంకులు ఏటా ప్రకటించాలి. పాట సాగుతున్నప్పుడు పేరు దాచడం న్యాయమే. పాట ముగిశాక ఫలితాన్ని కూడా దాచితే, ఆ చాటు అణగారినవారిని కాపాడదు. ఇప్పటికే ఉన్నవారి ఆస్తికి ఇంకొక తాళం వేస్తుంది.