వేళ్లు పంపు పిలుపు

మొక్క వేళ్లు నేలనుండి నీటిని, లవణములను పీల్చుకొనునని మనము చిన్న తరగతులలోనే నేర్చుకొందుము. ఆ వేళ్లు నేలకు ఇచ్చునది కూడ కలదు. ఆకులు ఎండలో తయారుచేసిన చక్కెరలలో కొంతభాగము, సేంద్రియామ్లములు, ఎమైనో ఆమ్లములు, జిగురు పదార్థములు వేళ్లనుండి మట్టిలోనికి స్రవించుచుండును. ఈ ఆహారమునకై చేరుటచేత, వేరును అంటియుండు పలుచని మట్టిపొరలో సూక్ష్మజీవుల సంఖ్య దూరపు మట్టిలోకంటె సాధారణముగా ఎన్నోరెట్లు హెచ్చు. 1904లో జర్మను శాస్త్రజ్ఞుడు లోరెంజ్ హిల్ట్‌నర్ ఈ ప్రదేశమునకు రైజోస్ఫియర్ అని పేరిడెను.

అయితే కొన్ని స్రావములు ఆహారముగా గాక సంకేతములుగా పనిచేయును. వాటి పరిమాణము అత్యల్పము. అట్టిదాని నొకదానిని కనుగొన్న కథ చెప్పుకొనదగినది. అది మొక్కల మిత్రునితో గాక శత్రువుతో మొదలైనది.

జొన్న వేళ్లను పట్టి బ్రతుకు స్ట్రైగా అను పరాన్నభుక్కు కలదు. మన రైతులు దీనిని జొన్నమల్లె అందురు. పేరు ముచ్చటైనదే గాని, అది పట్టిన చేను గిడసబారిపోవును. దీని గింజ ధూళికణమువలె నుండును. అందలి ఆహారము మొలక కొన్ని మిల్లీమీటర్లు సాగుటకే చాలును. కనుక తగిన వేరు చెంతనున్నదని తెలియనిదే అది మొలకెత్తదు. ఏండ్లతరబడి మట్టిలో వేచియుండును. తెలియుట యెట్లు? వేరు స్రవించు పదార్థము వలననే. 1966లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రత్తివేళ్ల స్రావమునుండి అట్టి పదార్థమును వేరుచేసి, స్ట్రైగాల్ అని పేరు పెట్టిరి. విచిత్రమేమనగా, స్ట్రైగా ప్రత్తిపై బ్రతుకజాలదు. ప్రత్తి చేలో దాని గింజలు మోసపోయి మొలచి, ఆధారము లేక చచ్చును. ఈ కోవకు చెందిన పదార్థములు తరువాత పెక్కు మొక్కలలో కనబడినవి. వీటికి స్ట్రైగోలాక్టోనులని పేరు.

ఇక్కడ విద్యార్థి అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. తన శత్రువును తానే మేల్కొలుపు పదార్థమును మొక్క ఎందుకు తయారుచేయవలెను? నష్టమే తప్ప లాభము లేని గుణము ప్రకృతివరణములో ఇంతకాలము నిలువరాదు గదా! సుమారు నలువది ఏండ్లు ఈ చిక్కు విడలేదు.

2005లో జపానులో అకియామా, ఆయన సహచరులు దానిని విడదీసిరి. ఆ పిలుపు నేలలోని ఒకజాతి శిలీంధ్రములకు. ఆర్బస్క్యులర్ మైకోరైజా అనబడు ఈ శిలీంధ్రములు నేలపై పెరుగు మొక్కలలో మూడింట రెండువంతులకు పైగా జాతుల వేళ్లలో కాపురముండును. భాస్వరము నత్రజని లవణములవలె నీటితో పారి వేరును చేరదు. ఇనుము, కాల్షియములతో ముడిపడి ఉన్నచోటనే ఉండిపోవును. వేరు తన దగ్గరిది కాస్త హరించిన పిదప చుట్టును కరవే. శిలీంధ్రపు పోగులు వేరుమీది నూగుకంటెను సన్నములు. అవి దూరముగా ప్రాకి, సందులలో దూరి, భాస్వరమును తెచ్చి మొక్కకిచ్చి, బదులుగా చక్కెరలు, కొవ్వులు పుచ్చుకొనును. అకియామా బృందము వేళ్లనుండి తీసిన స్ట్రైగోలాక్టోను లవలేశము తగిలినంతనే ఆ పోగు కొమ్మలు కొమ్మలుగా చీలెను. అట్లు చీలినదానికి వేరు తగులు అవకాశము హెచ్చు. ఈ స్నేహము సుమారు 40 కోట్ల ఏండ్ల నాటిదని స్కాట్లండులోని శిలాజములు చెప్పుచున్నవి. స్ట్రైగా దానిని చాటుననుండి విన నేర్చినది, అంతే.

భాస్వరము కొరవడినపుడు పెక్కు మొక్కలు ఈ స్రావమును హెచ్చించును. జొన్న నత్రజని కొరతలోను అట్లే చేయును. సారహీనమైన చేలలో మల్లె బెడద ఎక్కువగుటకు ఇదియొక కారణము. ఆకలిగొన్న పంట బిగ్గరగా పిలుచును, ఆ కేక శత్రువు చెవిని గూడ పడును.

పిలుపు మానిపించినచో మిత్రుడును రాడు. ఇథియోపియాలో పుట్టిన గెబిసా ఎజెటా మల్లెను తట్టుకొను జొన్నరకములను రూపొందించి 2009లో ప్రపంచ ఆహార బహుమతి నందెను. అట్టి కొన్ని రకముల రహస్యమును 2017లో ఆయన బృందమే వెల్లడించెను. ఒక జన్యువు పనిచేయకపోవుటచేత ఆ జొన్నవేళ్లు 5-డీఆక్సీస్ట్రైగాల్‌కు బదులుగా ఒరబాంకోల్ అను స్ట్రైగోలాక్టోనును హెచ్చుగా స్రవించును. దానికి స్ట్రైగా గింజ సరిగా మొలవదు. శిలీంధ్రపు పోగు మాత్రము ఎప్పటివలెనే కొమ్మలు వేయును.