షాపు నిండితే సంబరమేనా?

సాయంత్రం ఆరు దాటాక దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద నడిచి చూడండి. చీరలు, మ్యాచింగ్ సెంటర్లు, గాజులు, నైటీలు... ఏ షాపులోకి తొంగి చూసినా అటక దాకా సరుకే! "అబ్బ, ఎంత సరుకో! ఈవిడకేం తక్కువ?" అనుకుంటాం. ఆ అటక మీది కట్టల్లో విప్పకుండా మూడేళ్లయినవి ఎన్నో, వాటి కోసం ఎవరి మెడలో గొలుసు తాకట్టుకి వెళ్లిందో మాత్రం మనకి కనపడదు.

కొత్తపేట, సరూర్‌నగర్, ఎల్.బి.నగర్ కాలనీల్లో ఇంటి ముందు గదినే షాపుగా మార్చుకున్న ఆడవాళ్లు ఎందరో. చిట్టీ పాడుకుని కొందరు, సంఘంలో లోను తీసుకుని కొందరు మొదలుపెట్టినవే ఆ షాపులు. ఇప్పుడు చాలా చోట్ల గల్లాపెట్టె పక్కన కంప్యూటర్ కూడా వచ్చింది. బిల్లు కొట్టడమే కాదు, ఏ సరుకు ఎంత తెప్పించాలో కూడా అదే చెప్తుంది. "కంప్యూటరే చెప్పింది కదా" అని ఆర్డరు పెట్టేస్తాం. నిజానికి దానంతట దానికి ఏమీ తెలియదు. మనం పెట్టిన అంకెల్నే అది మనకి తిప్పి చెప్తుంది.

సరుకు కాదు, వడ్డీ పెరుగుతోంది

లక్ష రూపాయల సరుకు అమ్ముడుపోకుండా కూర్చుందనుకోండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బయితే నెలకి 2,000, ఏడాదికి 24,000 రూపాయలు ఊరికే పోయినట్టే. పైగా ఫ్యాషన్ మారుతుంది, మడతల దగ్గర రంగు వెలుస్తుంది. చివరికి ఆషాఢం సేల్‌లో కొన్న ధర కంటే తక్కువకి వదిలించుకోవాల్సి వస్తుంది.

కంప్యూటర్ లెక్క ఇదీ

మ్యాచింగ్ సెంటర్లో ఎర్ర ఫాల్స్ రోజుకి 6 అమ్ముతున్నారనుకుందాం. బేగంబజార్లో చెప్పిన సరుకు మీ షాపు చేరడానికి 4 రోజులు పడుతుంది. ఆ నాలుగు రోజులకి 24 కావాలి. అనుకోకుండా గిరాకీ పెరిగితే ఉంటుందని ఇంకో రెండు రోజులకి 12. మొత్తం 36. ఎర్ర ఫాల్స్ 36కి తగ్గగానే ఆర్డరు పెట్టాలన్న మాట. దీన్నే 'రీఆర్డర్ లెవెల్' అంటారు. మన షాపుల్లో ఎక్కువగా కనిపించే ట్యాలీలోనూ ఒక్కో సరుకుకి ఈ అంకె విడిగా ఇచ్చుకోవచ్చు. 'రీఆర్డర్ స్టేటస్' అనే పట్టికలో చేతిలో ఉన్నదెంత, దారిలో ఉన్నదెంత, ఇంకా తెప్పించాల్సిందెంత అన్నీ వరసగా చూపిస్తుంది.

మరి సరుకు ఎందుకు పేరుకుపోతోంది?

మొదటిది, రోజుల లెక్క. సాఫ్ట్‌వేర్ పెట్టి వెళ్లిన కుర్రాడు అన్ని సరుకులకీ 15 రోజులని కొట్టి పోయాడనుకోండి. మన ఎర్ర ఫాల్స్ రీఆర్డర్ లెవెల్ 36 కాస్తా 102 అయి కూర్చుంటుంది! ఎప్పుడూ 66 ఫాల్స్ ఎక్కువే అన్నమాట. అంతే జోరుగా అమ్ముడయ్యే రంగులు పది ఉంటే 660. ఒక్కోటి 20 రూపాయలనుకున్నా 13,200 రూపాయలు అరల్లో ఇరుక్కుపోయినట్టే. సూరత్ నుంచి వచ్చే చీరకి ఒక లెక్క, బేగంబజార్ సరుకుకి ఒక లెక్క ఉండాలి కదా!

రెండోది, ఫోన్ ఆర్డర్లు. షాపులో 30 ఉన్నాయి, ఇంకో 24 దారిలో ఉన్నాయి. ఫోన్లో చెప్పిన ఆ 24 సంగతి కంప్యూటర్లో ఎక్కించకపోతే, అది 30 మాత్రమే చూసి "తెప్పించు" అంటుంది. ఒకే సరుకు రెండుసార్లు వచ్చి పడుతుంది. వాపసు వచ్చిన సరుకు రాయకపోయినా ఇదే తంటా.

మూడోది, డజను లెక్క. ముక్కల్లో 12 అనుకుని కొట్టిన చోట కంప్యూటర్ డజన్లు అనుకుంటే వచ్చేవి 144!

నాలుగోది, లాట్ మీద తగ్గింపు. "వంద తీసుకోండమ్మా, నూటికి ఐదు తగ్గిస్తా" అంటాడు హోల్‌సేల్ ఆయన. దాన్నే కనీస ఆర్డరుగా పెట్టేస్తాం. ఎర్ర రంగుకి పరవాలేదు, పదిహేడు రోజుల్లో అయిపోతాయి. నెలకి రెండు పోయే చిలకపచ్చకీ వందే పెడితే? అమ్మడానికి నాలుగేళ్లు దాటుతుంది!

శ్రావణం ఎప్పుడో కంప్యూటర్‌కి తెలియదు

మనది పంచాంగం, దానిది ఇంగ్లీషు క్యాలెండర్. వరలక్ష్మీ వ్రతం 2023లో ఆగస్టు 25న, 2024లో ఆగస్టు 16న, 2025లో ఆగస్టు 8న వచ్చింది. 2023లో అధిక శ్రావణం రావడంతో పండగ అంత వెనక్కి జరిగింది. "నిరుడు ఇదే వారం ఎంత పోయింది?" అని చూసుకుని కంప్యూటర్ ఆర్డరు చెప్తే, వ్రతం వెళ్లాక వారానికి దిగుతుంది సరుకు!

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి వాళ్లకి ఇంకో చిక్కు ఉంది. ఇక్కడి గిరాకీలో హాస్టల్ పిల్లలది పెద్ద వాటా. సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకి వాళ్లు ఊళ్లకి పోతే వీధులే బోసిపోతాయి. ముందు నెల జోరు చూసి కంప్యూటర్ చెప్పిన లెక్కని అప్పుడు సగానికి సగం తగ్గించుకోవాల్సిందే. పెళ్లి ముహూర్తాల నెల తర్వాత వచ్చే మూఢానికీ అంతే.

పెద్దవాళ్లకీ తప్పలేదు

ఇది చిన్న షాపుల తంటా మాత్రమే అనుకోకండి. బూట్లు తయారుచేసే అమెరికా కంపెనీ నైకీ, గిరాకీని ముందే అంచనా వేయడానికి ఐ2 అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంది. పోని రకాలు ఎక్కువ, పోయే రకాలు తక్కువ తయారయ్యాయి. సుమారు 10 కోట్ల డాలర్ల అమ్మకాలు పోయాయని 2001 ఫిబ్రవరిలో నైకీ ప్రకటించింది. తప్పు సాఫ్ట్‌వేర్‌దని వాళ్లు, దాన్ని పెట్టుకున్న తీరుదని వీళ్లు వాదించుకున్నారు. ఐ2 స్థాపకుల్లో ఒకరైన సంజీవ్ సిద్ధు మన ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివినవారే! అంత డబ్బున్న కంపెనీకే తప్పలేదంటే, అంకెలు పెట్టేటప్పుడు మనమెంత జాగ్రత్తగా ఉండాలో చూడండి.

ఇలా చేసి చూడండి

* సరుకుని మూడు రకాలుగా విడదీయండి. రోజూ పోయేది, అప్పుడప్పుడూ పోయేది, కదలనిది. మొదటి రకానికి వారానికోసారి అంకెలు చూసుకోండి. కదలనిదానికి రీఆర్డర్ లెవెల్ సున్నా పెట్టేయండి.

* సరుకు చేరడానికి పట్టే రోజులు ఊహించి పెట్టొద్దు. పోయిన ఐదారు బిల్లులు తీసి, చెప్పిన తేదీ, వచ్చిన తేదీ చూసి లెక్కకట్టండి.

* నెలకోసారి అరల్లో సరుకు లెక్కపెట్టి కంప్యూటర్ అంకెతో సరిచూడండి. రెండూ కలవకపోతే అది చెప్పే ఆర్డరు నమ్మొద్దు.

* ఉగాది రాగానే కొత్త పంచాంగం దగ్గర పెట్టుకుని వ్రతాలు, ముహూర్తాలు, మూఢాలు, పిల్లల సెలవులు గుర్తుపెట్టుకోండి. ఆ వారాల ఆర్డరు మీరే నిర్ణయించండి.

* తగ్గింపు ఇస్తామంటే ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇది ఎన్నాళ్లకి అమ్ముడవుతుంది? అన్నాళ్ల వడ్డీ ఆ తగ్గింపుని మించితే వద్దనేయండి.

నెలకి ఎంత బియ్యం కావాలో, చుట్టాలొస్తే ఎన్ని పాలు ఎక్కువ పోయించుకోవాలో, ఊరెళ్లే ముందు కూరగాయలు ఎప్పుడు ఆపాలో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. షాపుకీ అదే లెక్క. ఆ తెలివిని ఒక గంట కూర్చుని కంప్యూటర్లో పెట్టండి. గొలుసు మెడలోనే ఉంటుంది.