గోటితో గీరితే గీత పడే రాయి

మొన్న జియాలజీ ల్యాబ్‌లో జిప్సం ముక్కను గోటితో గీరితే గీత పడింది! మోస్ స్కేలుపై దాని కాఠిన్యం 2 మాత్రమే. మధ్యయుగపు ఇంగ్లాండు శిల్పులు వాడిన అలబాస్టర్ కూడా జిప్సమే.

చెల్లాస్టన్, టట్‌బరీల్లో తవ్విన ఈ రాయిని నాటింగ్‌హామ్ లాంటి ఊళ్లలో క్రైస్తవ గాథల పలకలుగా చెక్కి, రంగులద్ది, ఫ్రాన్స్, స్పెయిన్, ఐస్‌లాండ్ దాకా ఓడల్లో పంపేవాళ్లు. మెత్తన కాబట్టి చెక్కడం తేలిక. పగలగొట్టడమూ తేలికే!

1550లో చర్చిల్లోని విగ్రహాలను నాశనం చేయమని ఇంగ్లాండులో చట్టం వచ్చింది. అక్కడున్నవి చాలావరకు ముక్కలయ్యాయి. సముద్రం దాటినవాటిలో ఎన్నో బతికాయి. హిల్డ్‌బర్గ్ అనే సేకర్త అలాంటివి వెతికి కొని, వాటిపై వ్యాసాలు రాసి, 1946లో 260కి పైగా లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి ఇచ్చేశాడు.

కళను అమ్ముకుంటే పోగొట్టుకున్నట్టే అనుకునేవాణ్ణి. ఇక్కడ మాత్రం అమ్మిందే మిగిలింది.