పట్టాలు వేసినవారు పటంలో లేరు

అది 1869 మే 10. అమెరికాలోని ఉటా ప్రాంతంలో ప్రొమాంటరీ సమ్మిట్ అనే నిర్జన ప్రదేశం. ఎదురెదురుగా నిలిచిన రెండు ఆవిరి ఇంజన్లు. వాటి నడుమ కరచాలనం చేస్తున్న ఇద్దరు ఇంజనీర్లు. ఇంజన్లపైకెక్కి సీసాలు చాచి పట్టుకున్న మనుషులు. ఖండాన్ని దాటే తొలి రైలుమార్గం పూర్తయిన వేళ ఆండ్రూ జె.రసెల్ తీసిన ఈ ఛాయాచిత్రం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అయితే ఆ మార్గంలో అతి కఠినమైన భాగాన్ని నిర్మించిన చైనా కార్మికులు అందులో దాదాపుగా కనిపించరు.

రెండు కంపెనీలు.. ఇద్దరు ఛాయాగ్రాహకులు

తూర్పున ఒమాహా నుంచి యూనియన్ పసిఫిక్, పడమట శాక్రమెంటో నుంచి సెంట్రల్ పసిఫిక్ కంపెనీలు పట్టాలు వేసుకుంటూ వచ్చాయి. మొత్తం దూరం 1,776 మైళ్లు. ప్రభుత్వ రుణపత్రాలు, మదుపుదారుల సొమ్ముతో సాగే పని కనుక నిర్మాణ పురోగతిని లోకానికి చూపడం కంపెనీలకు అవసరమైంది. యూనియన్ పసిఫిక్ తరఫున రసెల్, సెంట్రల్ పసిఫిక్ తరఫున ఆల్ఫ్రెడ్ హార్ట్ ఆ బాధ్యత చేపట్టారు. రెండు కళ్లతో చూసినట్లు లోతు కనిపించే స్టీరియో చిత్రాలను హార్ట్ 364 వరకు రూపొందించారు.

గాజు పలకే ఫిల్ము

నాడు ఫిల్ము లేదు. గాజు పలకపై కలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, వెండి లవణ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే చిత్రం తీయాలి. వెంటనే చీకటి గుడారంలోకి తీసుకెళ్లి రసాయనాలతో కడగాలి. ఇదంతా పది, పదిహేను నిమిషాల్లో ముగియాలి. రసెల్ వాడిన పెద్ద పలకల కొలత 10 అంగుళాలు, 13 అంగుళాలు. వాటిని, రసాయనాలను, కడిగేందుకు నీళ్లను ఎడారులు, కొండలు దాటించి మోసుకెళ్లవలసి వచ్చేది. వెలుతురు చాలకపోతే పలకను కొన్ని సెకన్ల పాటు తెరిచి ఉంచాలి. కదిలినవారి రూపం చెదిరిపోతుంది. అందుకే పని ఆపించి, అందరినీ కదలకుండా నిలబెట్టి చిత్రాలు తీసేవారు.

తెల్లగుడ్డపై రైలు దారి

ఆ రోజుల్లో పత్రికలు ఛాయాచిత్రాన్ని నేరుగా అచ్చువేయలేకపోయేవి. చిత్రాన్ని చూసి చెక్క దిమ్మెపై చెక్కి ముద్రించేవారు. అసలు చిత్రాన్ని ఒకేసారి వందలాది మందికి చూపగలిగింది మాయాలాంతరు ఒక్కటే. గాజుపై ముద్రించిన చిత్రం వెనుక బలమైన దీపం, ముందు కటకం అమర్చితే ఎదుట తెల్లగుడ్డపై పెద్ద బొమ్మ పడుతుంది. స్టీఫెన్ సెడ్జ్‌విక్ అనే న్యూయార్క్ ఉపాధ్యాయుడు 1870 దశకంలో ఈ మార్గపు చిత్రాలను ఇలా చూపుతూ ఊరూరా ఉపన్యసించారు. పడమటి దేశం చూడని ఎందరికో ఆ తెరే రైలు చరిత్ర అయింది.

కొండను తొలిచినవారు

సెంట్రల్ పసిఫిక్ శ్రామికుల్లో సుమారు 90 శాతం చైనీయులే. సియెర్రా నెవాడా పర్వతాల్లో 1,659 అడుగుల శిఖర సొరంగాన్ని వారు గట్టి నల్లరాతిలో తొలిచారు. 1867 ఆగస్టులో ఇరువైపుల తవ్వకాలు కలిశాయి. అదే ఏడాది జూన్‌లో తెల్లవారితో సమాన వేతనం, పని గంటల తగ్గింపు కోరుతూ వేలాది మంది సమ్మెకు దిగారు. యాజమాన్యం ఆహార సరఫరా నిలిపివేయడంతో వారం రోజులకే సమ్మె ముగిసింది.

1869 ఏప్రిల్ 28న ఒక్కరోజులో పది మైళ్ల పట్టాలు వేసి రికార్డు సృష్టించారు. పట్టాలు ఎత్తిన ఎనిమిది మంది ఐరిష్ కార్మికుల పేర్లు చరిత్రలో నిలిచాయి. వారితో పనిచేసిన వేలాది చైనీయుల పేర్లు మాత్రం నిలవలేదు.

తప్పు కెమెరాది కాదు

చైనీయులను కెమెరా అసలు చూడలేదనుకుంటే పొరపాటు. సొరంగం ముఖద్వారం వద్ద కావడిపై టీ మోస్తున్న చైనా కార్మికుడు హార్ట్ చిత్రంలో ఉన్నాడు. చివరి పట్టా వేస్తున్న చైనీయులను రసెల్ కూడా అదే రోజు వేరొక చిత్రంలో బంధించారు. కానీ లోకమంతా తిరిగింది కరచాలనం చిత్రమే. ఏ చిత్రాన్ని ముందుకు తేవాలన్న ఎంపికలోనే వారు మరుగునపడ్డారు. 1882లో చైనా కార్మికుల వలసనే అమెరికా చట్టంతో నిషేధించింది.

145 ఏళ్లకు మరో చిత్రం

బంగారు మేకు కొట్టిన సెంట్రల్ పసిఫిక్ అధ్యక్షుడు లీలండ్ స్టాన్‌ఫర్డ్. మన తెలుగు విద్యార్థులకు సుపరిచితమైన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాన్ని ఆయన, ఆయన సతీమణి 1885లో స్థాపించారు. అదే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012 నుంచి ఆ కార్మికుల జాడ వెదికారు. వారు స్వయంగా రాసిన ఒక్క ఉత్తరమైనా లభించలేదు. పాత చిత్రాలే ముఖ్య సాక్ష్యాల్లో ఒకటయ్యాయి. 2014లో ఛాయాగ్రాహకుడు కార్కీ లీ చైనా కార్మికుల వారసులను ప్రొమాంటరీలో ఇంజన్ల ముందు నిలిపి, నాటి చిత్రాన్ని మళ్లీ తీశారు.

నాగార్జునసాగర్ ఆనకట్టకు రాళ్లెత్తిన కూలీల చిత్రాలు మనకూ ఉన్నాయి. వాటిలోని మనుషుల్లో ఎందరి పేర్లు మనకు తెలుసు? ప్రాజెక్టులు, వంతెనలు, రైలు పనుల పాత ఫొటోలు ఇళ్లలో ఉన్నవారు ఇప్పుడే పెద్దలను అడిగి, వెనుకవైపు పేర్లు, ఊరు, సంవత్సరం రాసి ఉంచడం మేలు. గుర్తుపట్టగల పెద్దలు కన్నుమూశాక ఆ పేర్లు మరెక్కడా దొరకవు.